గంటాలమ్మ గిన్నెలు

శ్రావణ తదియ

తాళ్ళు నాలుగూ బిగువుగానే ఉన్నాయి. వాననీళ్ళ తొట్టి సగానికి పైన ఉంది. గాలి తూర్పు నుంచి. తెప్ప అడుగున పట్టిన నాచు గీకాను.

కట్ట ఆఫీసు వాళ్ళకి ఇంతవరకు రాస్తే చాలు. ప్రతి తెప్ప మీదా ఎవరో ఒకరు రోజూ ఈ నాలుగు మాటలు రాసి ఉంచాలని వాళ్ళ నియమం. మా తెప్ప మీద ఆ పని కోడలిది. తాడు తెగి తెప్ప సముద్రంలోకి కొట్టుకుపోతే తప్ప ఈ పుస్తకం ఎవరూ తెరిచి చూడరు. నేను ఐదో తరగతి దాకా చదివాను. నలుగురిలో నోరు పెగలదు గానీ రాయమంటే రాస్తాను. అందుకే పేజీలో మిగిలిన చోటు నేను వాడుకుంటున్నాను.

ఈరోజు తాతారావన్న సరుకు తెచ్చాడు. ఆయన మునిగిపోయిన ఊళ్ళలోకి దిగి పాత వంటగదుల్లోంచి స్టీలు సామాను పైకి తెస్తాడు. గోనెసంచి విప్పితే కంచాలు, గ్లాసులు, మూత లేని ఒక క్యాను, ఒక పెద్ద పళ్ళెం. అన్నిటికీ గుల్లలు అంటుకుని ఉన్నాయి. చింతపండు నీళ్ళలో నానబెట్టి బూడిదతో తోమితే మధ్యాహ్నానికి మెరుపు వచ్చింది. స్టీలు ఎన్నేళ్ళు నీళ్ళలో ఉన్నా తోమితే నిన్న కొన్నట్టే ఉంటుంది. మా నాచు గిన్నెలకి ఆ రాత లేదు. యంత్రంలో నాచుపిండి పోస్తే ఎన్ని కావాలంటే అన్ని వస్తాయి. వేడి పులుసు పోస్తే మెత్తబడతాయి, పొయ్యి మీద పెడితే కరిగిపోతాయి. స్టీలు గిన్నె ఉన్న ఇంట్లోనే పొయ్యి వెలుగుతుంది. లేనివాళ్ళు ఉమ్మడి వంటశాల తెప్ప దగ్గర వరసలో నిలబడి తింటారు.

పెద్ద పళ్ళెం అంచున చుక్కలతో ఎవరిదో పేరు ఉంది. వెనకటి రోజుల్లో పెళ్ళిళ్ళకి గిన్నెలు చదివించేవాళ్ళు వాటి మీద తమ పేరు ఇలా కొట్టించేవారట. నేను కూడబలుక్కుని చదివేలోపు మా ఆయన దొరబాబు పళ్ళెం లాక్కుని ఆకురాయి చక్రానికి ఆనించారు. పేరు పోయి మసక మచ్చ మిగిలింది. పేర్లు కొట్టే మిషను నా చేతికిచ్చారు. ఆ మచ్చ మీద నేను ‘ఓ. గంటాలమ్మ’ అని కొట్టాను.

ఓలేటి గంటాలమ్మ మా అమ్మ. నా పెళ్ళికి ముందే పోయింది.

ఈ సంగతి పెళ్ళైన వారంలోనే ఆయన నాకు ఓపిగ్గా చెప్పారు. పాత సామాను తెర మీద చూపించి అమ్మే సంతలో పెడితే మెట్ట మీది నగరాల వాళ్ళు ఎగబడి కొంటారు, అద్దాల బీరువాల్లో దాచుకుంటారు. కానీ కొన్నది మళ్ళీ అమ్మితే అది మారుబేరం. వచ్చినదాంట్లో మూడో వంతు పన్ను. బతికున్న మనిషి తన సామాను అమ్ముకున్నా అంతే. పోయినవాళ్ళు వాడుకున్న సామాను వాళ్ళ బిడ్డలు అమ్ముకుంటే మాత్రం పన్ను లేదు. గిన్నె మీద పోయిన మనిషి పేరు ఉండాలి, బిడ్డ తన గొంతుతో ఆ గిన్నె కథ చెప్పాలి, అంగడి ఆ బిడ్డ పేరునే ఉండాలి. మామగారు పోయినప్పుడే ఆయన సామానంతా ఆఫీసులో రాయించేశారు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. మా అమ్మ పోయినప్పుడు రాయించడానికి ఏమీ ఉందని ఎవరూ అనుకోలేదు.

నన్ను చేసుకోవడానికి మా అమ్మ పోయి ఉండడం కూడా ఒక కారణమని నాకు తర్వాత అర్థమైంది.

మా అత్తగారు మాణిక్యమ్మ తాతారావన్నకి మజ్జిగ ఇస్తూ, బతికున్నన్నాళ్ళూ బొచ్చెకి గతి లేదు గానీ పోయాక గిన్నెల కొట్టు పెట్టింది మా వియ్యపురాలు అంది. తాతారావన్న నవ్వబోయి, నన్ను చూసి మజ్జిగ తాగాడు.

మా అమ్మ ఇళ్ళల్లో గిన్నెలు తోమింది. బతుకంతా పరాయి పేర్లున్న కంచాలు కడిగింది. తనకంటూ ఉన్నది ఒక్క పోపుల పెట్టె. దాని మూత మీద తన పేరు తానే మేకుతో కొట్టుకుంది. అక్షరాలు వంకరగా, చివరికి చోటు చాలక కిందికి జారి ఉంటాయి. ఆ పెట్టె నా తలగడ పక్కన ఉంటుంది. దాన్ని అమ్మనని ఆ మొదటి వారంలోనే ఆయనకి చెప్పాను. అలాగేలే అన్నారు.


శ్రావణ షష్ఠి

తాళ్ళు బాగానే ఉన్నాయి. పడమటి తాడు కొంచెం పీచు లేచింది. నీళ్ళు ముప్పావు.

ఈరోజు మూడు కంచాలు అమ్ముడుపోయాయి. తెర ముందు కూర్చుని కథ చెప్పడం నా వంతు. కథలు ఆయన అల్లుతారు. ఈ కంచంలో మా అమ్మ నాకు పెరుగన్నం కలిపి పెట్టేది, ఈ గ్లాసుతో నాకు జ్వరం వచ్చినప్పుడు గంజి తాగించింది, ఇలా. నాకు మాట తడబడుతుంది, మధ్యలో ఆగిపోతాను, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంటాను. మొదట్లో ఆయన విసుక్కునేవారు. తర్వాత మెట్ట వాళ్ళు ఆ తడబాటు చూసే ఎక్కువ ఇస్తున్నారని కనిపెట్టారు. ఇప్పుడు నేను తడబడకుండా చెప్పేస్తే, మళ్ళీ చెప్పు, ఈసారి కొంచెం ఏడుపొచ్చినట్టు చెప్పు అంటారు.

మా అమ్మ నాకు స్టీలు కంచంలో ఎప్పుడూ పెట్టలేదు. మెత్తబడిన నాచు బొచ్చెలో, అరచెయ్యి అడ్డం పెట్టి పెట్టేది.

సాయంత్రం అత్తయ్య తన పెళ్ళి నాటి గిన్నెల మూట విప్పింది. వాటి మీద ఆమె పేరే ఉంది. అమ్మితే మూడో వంతు పోతుందని ఇన్నాళ్ళూ దాచింది. వీటి మీద కూడా మీ అమ్మ పేరే కొట్టు, నా పేరుకేం పుణ్యం అంది. ఆయన ఆకురాయి తిప్పారు. ఆమె పేరు రాలిపోతుంటే ఆమె తమలపాకు నములుతూ చూసింది.

గుండిగను మాత్రం ముట్టుకోనివ్వలేదు. అది వాళ్ళ నాన్న ఇచ్చినది. మా తెప్పల వరస మొత్తానికి అంత పెద్ద వంటపాత్ర ఇంకొకటి లేదు. శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాసి బొట్టు పెడుతుంది. నన్ను తోమనివ్వదు.


శ్రావణ దశమి

తాళ్ళు బాగున్నాయి. వాన లేదు.

ఈరోజు ఆయన నా పక్కన కూర్చుని అమ్మ గురించి అడిగారు. ఎలా ఉండేది, ఏం పాడేది, ఆ పెట్టె మీద పేరు ఎందుకు కొట్టుకుంది అని. పెళ్ళైన దగ్గర్నుంచి ఆయన నన్ను ఏదీ అలా అడగలేదు.

చెప్పాను. అమ్మకి చదువు రాదని, నేను బడిలో నేర్చుకుని నేలమీద బొగ్గుతో రాసి చూపిస్తే ఆ గీతలు చూసి మేకుతో కొట్టుకుందని. తోమే ఇళ్ళల్లో ప్రతి గరిటె మీదా ఎవరిదో ఒకరి పేరు ఉంటుంది కదా, నా పేరుకి కూడా ఒక చోటు ఉండాలే అందని. చివరి అక్షరాలకి చోటు చాలకపోతే ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వుకున్నామని. మెంతులు వేసే గిన్నెలో నా పాలపళ్ళు దాచిందని. ఎప్పుడూ లేనిది అంతసేపు మాట్లాడాను. తడబడలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని విన్నారు. ఆయన మంచివారేనేమో, నేనే ముడుచుకుపోయి ఉన్నానేమో అనుకున్నాను.


శ్రావణ ఏకాదశి

తాళ్ళు. నీళ్ళు. అన్నీ ఉన్నాయి.

వాన పట్టే ఉమ్మడి డేరా నుంచి మా వంతు నీళ్ళు మోసుకుని వచ్చేసరికి తలగడ పక్కన పెట్టె లేదు.

నిన్న నేను మాట్లాడినంతసేపూ తెర తెరిచే ఉందట. నా గొంతు అంతా పట్టుకుందట. మేకుతో కొట్టిన పేరు కావాలని ఒక మెట్ట పెద్దమనిషి నెల నుంచి అడుగుతున్నాడట. పడవ పొద్దున్నే వచ్చి పట్టుకుపోయింది.

ఆయన అన్నారు, “ఎంత బాగా చెప్పావో తెలుసా. ఇన్నాళ్ళూ అన్ని కథలు చెప్పించాను గానీ ఒక్కటీ దీనికి సాటి రాదు.”

అత్తయ్య అంది, “పోనీలే పిల్లా. ఇంటి నిండా మీ అమ్మ గిన్నెలేగా.”

పాలపళ్ళు పెట్టెలోనే ఉండిపోయాయా అని అడిగాను. ఆయనకి గుర్తు లేదు.


శ్రావణ పౌర్ణమి

పోటు ఎక్కువగా ఉంది. తాళ్ళు వదులు చేశాను.

వాళ్ళిద్దరూ లేనప్పుడు తెర తెరిచి ఆ పెద్దమనిషితో మాట్లాడాను. అంగడి నా గొంతుకే తెరుచుకుంటుంది, ఆ సంగతి నేనే మరిచిపోయాను. ముసలాయన. మర్యాదగానే మాట్లాడాడు. పెట్టె అద్దం వెనక పెట్టాడు, చూపించాడు. పళ్ళు కూడా ఉన్నాయి, వాటి కింద చిన్న దీపం పెట్టాడు. తిరిగి అమ్ముతారా అని అడిగాను.

“ఏడాది తిరక్కుండా అమ్మితే నాకు సగం పన్నులో పోతుందమ్మా. కొన్న వస్తువుని ఏడాది ఉంచుకోవాలని మా మీద ఒక నియమం ఉంది. వచ్చే శ్రావణానికి అడుగు, చూద్దాం. అయినా ఇంత ప్రేమ ఉన్నదానివి ఎందుకు అమ్మావు?”

తెర మూసేశాను.


శ్రావణ బహుళ విదియ

తూర్పు తాడు మార్చాను. నీళ్ళు నిండుగా ఉన్నాయి.

పన్ను పడవ మా వరసకి వస్తోందని కబురు వచ్చింది. అవతలి వరసలో ఎవరో, గిన్నెలు తోమిన మనిషికి ఇంత ఆస్తి ఎక్కడిదని అడిగారట.

నేను తెప్ప అంచున వంగి నాచు గీకుతున్నాను. వాళ్ళు లోపల మాట్లాడుకుంటున్నారు. నన్ను మరిచిపోయారో, వింటే ఏమవుతుందిలే అనుకున్నారో.

ఆయన భయపడుతున్నారు. వచ్చిన డబ్బంతా మళ్ళీ సరుకు మీదే పెట్టాం, దసరాకి మెట్ట వాళ్ళు రెట్టింపు ఇస్తారని మంచాల కింద దాచాం, ఇప్పుడు మారుబేరమని తేలిస్తే ఎలా అంటున్నారు.

అత్తయ్య అంది, “తేలితే ఎవరి మీద తేలుతుందిరా. అంగడి దాని పేరునే ఉంది, గొంతు దానిదే, తల్లి దానిదే. ఏడాది పూడిక పడవ ఎక్కిస్తారు. కట్ట కింద బురద తోడి వస్తుంది. మనకేం.”

మంచం కిందికి గిన్నెలేవో తోస్తున్న చప్పుడైంది. తర్వాత, “అదీ నిజమే. అది నోరెత్తదు కూడా,” అన్నారు ఆయన.

నాచు గీకే చిల్లపెంకు నా అరచేతిలో దిగింది. నొప్పి తెలియలేదు. పూడిక పడవ ఎక్కినవాళ్ళని నేను చూశాను. నడుం దాకా బురదలో నిలబడతారు. దిగి వచ్చాక వాళ్ళ కాళ్ళ గోళ్ళు ఉండవు.

పోయిన వేసవిలో పక్క వరసలో పాత గుండీలు కొని అమ్మే మొగుడూ పెళ్ళాలు పట్టుబడ్డారు. నేను నీళ్ళ వంతు కోసం అక్కడే నిలబడి ఉన్నాను. పన్నుల ఆయన నియమాలన్నీ గడగడా చదివాడు. అందరూ ఏడుస్తున్న ఆ ఇద్దరినే చూస్తున్నారు. నాకు ఎవరినీ చూడడం చేతకాదు, తల దించుకుని వింటూ ఉండిపోయాను. అందులో ఒక మాట నాకు ఇప్పుడు మళ్ళీ మళ్ళీ వినిపిస్తోంది. ఎవరి పేరున అంగడి ఉందో వాళ్ళు సరుకు యావత్తూ ఊరుమ్మడికి అప్పగిస్తే విచారణ మూసేస్తారట. గుండీల వాళ్ళు అప్పగించలేదు. వాళ్ళకి గుండీల మీద ఆశ.

నాకు దేని మీదా ఆశ లేదు. ఉన్న ఒక్క వస్తువూ అద్దం వెనక ఉంది.

వీళ్ళకి ఏమీ మిగలకూడదు. ఒక్క గరిటె కూడా.


శ్రావణ బహుళ పంచమి

తాళ్ళు బాగున్నాయి. ఎండ. గిన్నెలన్నీ ఎండలో పెట్టాను.

పొద్దున అత్తయ్యకి కాళ్ళు ఒత్తుతూ చెప్పాను. నా అంతట నేను ఆమెతో మాట మొదలుపెట్టడం ఇదే మొదలు.

“అత్తయ్యా, పేరు లేని గిన్నె కనబడితే మారుబేరం సరుకు కింద రాసేస్తారటండి. నీళ్ళ దగ్గర అనుకుంటున్నారు. ఇంట్లో మిగిలినవాటి మీద కూడా అమ్మ పేరు కొట్టేయనా?”

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను ఎప్పటిలాగే తల దించుకున్నాను.

“నీకూ బుర్ర ఉందే పిల్లా,” అంది.

రోజంతా కొట్టాను. మంచాల కింద సరుకంతా. ఆయన క్యారియరు, అరలు అరలుగా. రోజూ అన్నం వండే గిన్నె, పులుసు గిన్నె, జల్లెడ, గరిటెలు, అట్లకాడ, ఆమె తమలపాకుల పళ్ళెం, ఆమె మంచినీళ్ళ చెంబు. ఆయన మిషను పట్టీ మార్చి ఇచ్చారు, నీళ్ళు తెచ్చి ఇచ్చారు. ఇంత హుషారుగా పనిచేస్తున్నావేంటి అని నవ్వారు. నేనూ నవ్వాను.

కంచాలకి మాత్రం అంచు మీద కొట్టలేదు. నడిమధ్యన కొట్టాను. ఇదేం చోటే అని అత్తయ్య అడిగితే, అంచు మీద ఆకురాయి మచ్చ ఉంది కదండి, కళ్ళు అక్కడికే పోతాయి అన్నాను. సరే అంది.

చివరికి గుండిగ దగ్గరికి వచ్చాం. ఆమె దాని మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చుంది. వాళ్ళ నాన్న దీన్ని ఎడ్లబండి మీద తెచ్చాడని, నీళ్ళు వచ్చినప్పుడు పిల్లాడిని దీంట్లో కూర్చోబెట్టి తేలుకుంటూ వచ్చిందని చెప్పింది. ఆ పిల్లాడు మా ఆయన. నాకు జాలి వేస్తుందేమోనని కాసేపు చూసుకున్నాను. వెయ్యలేదు. నా పెట్టె గురించి కూడా నేను ఇలాగే చెప్పాను.

“వద్దులెండి అత్తయ్యా. దీన్ని వదిలేద్దాం. అడిగితే మారుబేరం అని రాసుకుంటారు, అంతేగా,” అన్నాను.

ఆమె లేచి గుండిగను తనే బోర్లించింది.

“అడుగున కొట్టు. చిన్నగా కొట్టు.”

అడుగున కొట్టాను. చిన్నగానే కొట్టాను.


శ్రావణ బహుళ నవమి

తాళ్ళు చూడలేదు. ఇప్పుడు చూశాను, బాగానే ఉన్నాయి.

పన్ను పడవ పాటు తీసే వేళకి వచ్చింది. వచ్చినాయన పేరు ఖాదర్ వలీ గారు. మోకాళ్ళ నొప్పి మనిషి, తెప్ప ఎక్కడానికే ఆయాసపడ్డాడు. మాటలు పట్టుకునే యంత్రం ఒకటి నులకమంచం మీద పెట్టాడు. వరసలో వాళ్ళంతా తమ తెప్పల అంచులకి చేరి చూస్తున్నారు. ఉమ్మడి వంటశాల పెద్ద బుల్లెమ్మ గారు కూడా తన పడవలోంచి చూస్తోంది.

ఆయన ఒక కంచం తీసి వెలుతురుకి పట్టుకున్నాడు. బొటనవేలితో అంచున ఉన్న మచ్చ మీద రుద్దాడు. సామానంతా ఎవరిదని అత్తయ్యని అడిగాడు.

“అంతా మా వియ్యపురాలిదేనండి. ఈ పిల్ల తల్లిది. మాకేం తెల్దండి, అంగడి కూడా దీని పేరునే ఉంది. దీన్నే అడగండి.”

“ఇక్కడున్న ప్రతి గిన్నె ఆవిడదేనా?”

“ప్రతి గిన్నె అండి. పేరు చూసుకోండి కావలిస్తే.”

“ఆ గుండిగ కూడా?”

అత్తయ్య గొంతు ఒకసారి సవరించుకుంది. “అదీ ఆవిడదేనండి.”

ఖాదర్ వలీ గారు మా ఆయన వైపు తిరిగాడు. “మా అమ్మ మాటే నా మాటండి,” అన్నారు మా ఆయన. యంత్రం వాళ్ళ మాటలు వాళ్ళ గొంతులతోనే మళ్ళీ వినిపించింది. ఇద్దరూ తలలూపారు.

అప్పుడు ఖాదర్ వలీ గారు, గిన్నెలు తోముకుని బతికిన మనిషి ఇంత సామాను ఎలా కూడబెట్టిందమ్మా అని అడిగాడు.

“మాకేం తెలుస్తుందండి,” అంది అత్తయ్య. “తోమే ఇళ్ళల్లో ఎక్కడెక్కడ చేతివాటం చూపించిందో.”

పక్క తెప్పల మీద ఎవరో నవ్వారు. మా అమ్మ ఎవరింట్లోనూ ఒక చెంచా కూడా తీయలేదు. తోమిన గిన్నెలు బోర్లించి, చేతులు చూపించి మరీ బయటికి వచ్చేది. అంతవరకు నాలో ఏదో మూల కొంచెం భయం ఉంది. ఆ మాటతో అది పోయింది.

ఆయన నావైపు తిరిగి నియమాలు చదివాడు, గుండీల వాళ్ళకి చదివినట్టే, అదే విసుగు గొంతుతో. విచారణ పెడితే తాతారావన్న లాంటి మునక మనుషుల్ని సాక్ష్యానికి పిలుస్తారు, తేలితే మూడో వంతు పన్ను, నాకు పూడిక పడవ. లేదా సరుకు యావత్తూ ఊరుమ్మడికి. ఏమంటావమ్మా అన్నాడు.

“ఇచ్చేస్తానండి,” అన్నాను.

“గట్టిగా చెప్పాలమ్మా. యంత్రానికి వినపడాలి.”

“మా అమ్మ పేరున్న ప్రతి గిన్నె ఉమ్మడి వంటశాలకి ఇచ్చేస్తానండి. గుండిగతో సహా.”

తెర ముందు నేను చెప్పిన కథలన్నీ ఆయన అల్లినవి. ఈ మాట నేనే అల్లుకున్నాను. ఎక్కడా తడబడలేదు.

అత్తయ్య లేచింది. “ఒసే, గుండిగ మా నాన్న...” అని ఆగిపోయింది.

ఖాదర్ వలీ గారు యంత్రాన్ని ఆమె వైపు జరిపాడు. “ఏమన్నారమ్మా? మీదంటారా? మీదైతే చెప్పండి, రాసుకుంటాను. అప్పుడు ఇందాక చెప్పింది అబద్ధమవుతుంది. పూడిక పడవ మీద మీకూ, మీ అబ్బాయికీ చోటు చూస్తాను.”

అత్తయ్య మా ఆయన వైపు చూసింది. ఆయన నావైపు చూశారు, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు. తర్వాత ఇద్దరూ నేల చూశారు. తల దించుకుని నిలబడడం ఎలా ఉంటుందో వాళ్ళకి మొదటిసారి తెలిసి ఉంటుంది.

“మాది కాదండి,” అంది అత్తయ్య.

బుల్లెమ్మ గారి పడవ మా తెప్పకి ఆనింది. మంచాల కింద నుంచి గిన్నెలు తీస్తూ ఉంటే వస్తూనే ఉన్నాయి. పొయ్యి మీద పులుసు ఉడుకుతోంది. ఆ గిన్నె మీదా పేరు ఉంది. దించి, పులుసు నాచు బొచ్చెలో పోశారు. బొచ్చె మెత్తబడి పక్కకి ఒరిగింది. పులుసు తెప్ప కర్రల మధ్య నుంచి సముద్రంలోకి కారిపోయింది. ఎవరూ పట్టుకోలేదు.

నేను కూడా ఆ పడవే ఎక్కాను. ఎక్కేముందు మా ఆయన నెమ్మదిగా, “ఒక్క గిన్నె, అన్నం గిన్నె ఒక్కటి ఉంచమని అడుగు వరహాలూ,” అన్నారు. నన్ను పేరు పెట్టి పిలవడం చాలా రోజుల తర్వాత విన్నాను. పేరుకేం పుణ్యమండి అన్నాను.

పడవలోకి ఇంకా గిన్నెలు చేరేస్తున్నారు, ఈలోపు అందులో కూర్చుని ఇది రాసి పుస్తకం తెప్ప మీద పెట్టేస్తున్నాను. ఈ తెప్ప పుస్తకంలో ఇది నా చివరి పేజీ. తాళ్ళు ఇక వాళ్ళే చూసుకోవాలి.


భాద్రపద చవితి. వంటశాల తెప్ప

ఇక్కడ పుస్తకం వేరే. తాళ్ళు ఎనిమిది, పెద్ద తెప్ప కదా. అన్నీ గట్టివి. నీళ్ళ తొట్లు నిండుగా ఉన్నాయి. బుల్లెమ్మ గారు నాకు వంటశాలలో పని ఇచ్చింది, ఈ రాత కూడా నాకే అప్పజెప్పింది.

గుండిగలో ఒక్కసారి వండితే వరస మొత్తానికి అన్నం సరిపోతోంది. కడిగాక దాన్ని గుంజ మీద బోర్లించి ఆరబెడతారు. బోర్లించినప్పుడు అడుగు పైకి వస్తుంది. చిన్నగా కొట్టినా దూరం నుంచే కనబడుతోంది.

కొత్తగా వచ్చేవాళ్ళు, ఈ గంటాలమ్మ ఎవరండీ, ఏ ఊరి జమీందారిణి అని అడుగుతున్నారు. బుల్లెమ్మ గారు నన్ను చూపిస్తుంది. నేను సిగ్గుపడి లోపలికి పోతాను. కాదని మాత్రం చెప్పను.

తాతారావన్న నిన్న భోజనానికి వచ్చి కంచాన్ని ఎండకి అటూ ఇటూ తిప్పి చూశాడు. మచ్చ అడుగున పాత పేరు నీడలా కనిపిస్తోందన్నాడు. నేనూ చూశాను. చదవడానికి రాలేదు. చెరిగిన పేర్లన్నిటికీ నేను బదులు తీర్చుకోలేను.


ఆశ్వయుజ విదియ

తాళ్ళు బాగున్నాయి. గాలి లేదు.

వాళ్ళు ఈరోజు వచ్చారు. ఇన్నాళ్ళూ ఏం తిన్నారో తెలియదు. పక్క తెప్పల వాళ్ళు గిన్నె అరువు ఇవ్వడం మానేశారట. మీ వియ్యపురాలి గిన్నెల్లోనే వండుకోవచ్చుగా అన్నారట.

అత్తయ్య చిక్కిపోయింది. తల మీంచి చెంగు కప్పుకుని వరసలో నిలబడింది. ఆమె ముందు ఆయన. ఆయన నన్ను చూసి పలకరించబోయారు. నేను గరిటె ఎత్తాను, ఆయన కంచం చాపారు. అంతే.

ఆమె వంతు వచ్చింది. కంచం మధ్యన పేరు చూసింది. అరచెయ్యి అడ్డం పెట్టింది. చెయ్యి తీస్తే గాని వడ్డించడం కుదరదని చెప్పాను. తీసింది. పేరు కనపడకుండా నిండుగా అన్నం పెట్టాను, పప్పు పోశాను. ఆకలి మీద గబగబా తింటోంది. తినేకొద్దీ చుక్కలు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. ఆఖరి ముద్ద దగ్గర ఆగి, దాన్ని పేరు మీద అలాగే వదిలేసి లేచింది.

వంటశాలలో ఒక నియమం ఉంది. మెతుకు మిగల్చకూడదు. ఎవరి కంచం వాళ్ళే కడగాలి.

బుల్లెమ్మ గారు తొట్టి దగ్గర నిలబడి, ఆ ముద్ద కూడా తినేయమ్మా అంది. తింది. నేను బూడిద పిడత తెచ్చి ఆమె పక్కన పెట్టాను. చుక్కల్లో మెతుకులు ఇరుక్కుంటాయి, వేలి గోటితో తీస్తే గాని పోవు. అది నాకు తెలుసు, నేను కొట్టినవే కదా.

ఆమె గొంతుక్కూర్చుని ‘ఓ. గంటాలమ్మ’ని ఒక్కొక్క చుక్కే గోటితో గీకి కడుగుతోంది. బూడిద నీళ్ళు మోచేతుల దాకా కారుతున్నాయి. కడిగి నాకు అందించింది. వెలుతురుకి పట్టుకుని చూశాను. చివరి అక్షరంలో ఒక మెతుకు మిగిలిపోయింది.

“ఇంకోసారి కడగండి అత్తయ్యా,” అన్నాను.